ఆటకు పట్టా యెవరి పేర?

పోచంపల్లినుండి మా పాఠకులొకరు వ్రాసిన జాబు మా బల్లమీద నున్నది. వారు మగ్గమును నమ్ముకొని బ్రదుకువారు. రెండెకరముల మెట్టయు గలదట. కడచిన దసరాకు కుమారుని పోరు పడలేక, టెలివిజనుకు తగిలించి యాడుకొను కన్సోలు నొకదానిని తెచ్చియిచ్చిరి. కంపెనీ కేటేటా చందాయు గట్టిరి. జాబితాలో కనబడిన యాటలన్నియు తమ యింటి యాటలే యని తండ్రియు, కొడుకును నమ్మిరి. కొన్ని నెలలకు నొకనాడు పిల్లవాడు సగమాడి విడిచిన యాటకొఱకు వెదకగా నది కానరాలేదు. విచారింపగా ఆ యాట యింటిలోని పెట్టెలో నెన్నడును లేదనియు, ఎచ్చటనో నున్న సర్వరునుండి తీగెమీదుగా వచ్చుచుండెననియు, కంపెనీవారు దానిని జాబితానుండి తొలగించిరనియు దెలిసినది. "నేను రూపాయ లిచ్చితిని, రసీదు నా యొద్ద నున్నది. ఇంతకు నేను కొన్నదేమి?" యని వారు మమ్ము ప్రశ్నించుచున్నారు.

పిల్లల యాటలను గూర్చి దినపత్రిక యగ్రలేఖము వ్రాయుటయా యని మా పాఠకులలో పెద్దలు కొందఱు నొసలు చిట్లింపవచ్చును. వ్రాయక తప్పదని మా యభిప్రాయము. ఈ జాబులోని ప్రశ్న యాటను గూర్చినది కాదు. సొమ్మిచ్చినవానికి వస్తువుపై నెంత హక్కు గలదను ప్రశ్న. అది పోచంపల్లినుండి వచ్చుట మఱింత యుచితము. 1951 ఏప్రిల్ 18వ తేదీన ఆచార్య వినోబా భావే ఆ యూర విడిసినప్పుడు నలువది దళిత కుటుంబములవారు ఎనుబది యెకరముల భూమి కావలయునని యడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరము లిత్తునని లేచి నిలిచిరి. భూదానోద్యమ మచ్చట బుట్టినది. ఊరి పేరే భూదాన్ పోచంపల్లి యైనది. ఆ కుటుంబములవా రడిగినది యొరుల పొలములో దున్నుట కనుమతి కాదు. ఆ యనుమతి వారికి తరతరములుగా నున్నదే. వారడిగినది భూమి.

ఈ యాటల వ్యవహార మెఱుగనివారికొఱకు నాలుగు మాటలు చెప్పవలసియున్నది. ఇంటిలో కన్సోలుపై ఆడుటకు రెండు మార్గములు గలవు. మొదటిది పాతది: ఆటను డిస్కు రూపమున గాని, కార్ట్రిడ్జి రూపమున గాని తెచ్చుకొనుట, లేక ఇంటర్నెట్టుద్వారా దింపుకొని పెట్టెలోని నిల్వలో దాచుకొనుట. ఆట నడచునది మన యింటిలోనే, మన విద్యుత్తుతోనే. రెండవది క్రొత్తది, దానినే క్లౌడ్ గేమింగ్ అనుచున్నారు. ఇందులో ఆట నడచునది దూరముననున్న కంపెనీ సర్వరులో. మనము మీట నొక్కగా నా యొత్తిడి తీగెమీద నచ్చటికి బోవును. అచ్చటినుండి బొమ్మ యొకటి తిరిగివచ్చి మన తెఱపై బడును. సినిమా చూచినట్లే యాటయు చూడబడుచున్నదన్నమాట. సినిమా కథను మాత్రము మన చేయి నడుపుచుండును. దీనికి మేఘమను పేరు పెట్టినవా రెవ్వరో కాని, అనావృష్టి నెఱిగిన నల్లగొండ, పాలమూరు మెట్టరైతును సంప్రదించి యుండరు. మేఘమును నమ్మి విత్తినవాని గతి యేమగునో వాడు చెప్పియుండును.

ఈ క్రొత్త మార్గమును మేము నిష్కారణముగా నిందింపబోము. 2021 ఫిబ్రవరి 2న ప్లేస్టేషన్ 5 మన దేశమున విడుదలైనప్పుడు డిస్కు బెట్టుకొను నమూనా ధర 49,990 రూపాయలు. డిస్కు లేనిదానికి 39,990. చేనేత కుటుంబమునకు అది చిన్న మొత్తము కాదు. క్లౌడు పద్ధతిలో పెట్టె యక్కఱలేకయే, ఉన్న టెలివిజనుమీదనో, ఫోనుమీదనో, పాత కంప్యూటరుమీదనో పెద్ద యాటల నాడవచ్చును. 2025 నవంబరులో మైక్రోసాఫ్టువారు తమ ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగును భారతదేశమునకు తెచ్చిరి. పేదపిల్లవాడు ధనికుని పిల్లవానితో సమానముగా నాడుట కిది యొక ద్వారము. ఆ ద్వారమును మూయుమని చెప్పుట మా యుద్దేశము కాదు. ఇంటి నిల్వకును చిక్కులున్నవి: ఆ ప్లేస్టేషన్ పెట్టెలోని నిల్వ 825 గిగాబైట్లు. నేటి పెద్ద యాట లొక్కొక్కటి నూఱు గిగాబైట్లకు మించుచున్నవి. కొన్ని యాటలతోనే పెట్టె నిండును. క్రొత్తది కావలసిన పాతదానిని తుడిచివేయవలయును. మరల కావలసిన మరల దింపుకొనవలయును.

అయినను లెక్క వేసి చూతము. లెక్కకు పక్షపాతము లేదు. సెకనునకు 50 మెగాబిట్ల వేగము గల కనెక్షనుపై నూఱు గిగాబైట్ల యాటను దింపుకొనుటకు సుమారు నాలుగున్నర గంటలు పట్టును. అది యొక్కసారి పని. పిదప తీగె తెగినను ఆట యింటిలో నుండును. క్లౌడు పద్ధతిలో మంచి బొమ్మకు సెకనునకు 10 మెగాబిట్ల చొప్పున వచ్చుచుండవలెననుకొన్నచో, గంటకు నాలుగున్నర గిగాబైట్లు కరగును. దినమునకు రెండు గిగాబైట్ల ఫోను ప్యాకేజీ గలవాని యాట యరగంట ముగియక మునుపే ముగియును. రేపు మరల మొదటినుండి యంతే ఖర్చు. మొదటిది బావి త్రవ్వుకొనుట, రెండవది బిందెకింతయని నీరు కొనుట. బావి త్రవ్వలేనివాడు బిందె కొనక తప్పదు. కాని బిందెలు దొరకుచున్నవని యూరిలోని బావులను పూడ్చువా డుండునా?

దూరమును గూర్చియు నొక మాట. గాజుతీగెలో వెలుగు సెకనునకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. సర్వరు ముంబయిలో నున్నదనుకొన్నచో, పోచంపల్లినుండి సరళరేఖలో ఆఱువందల యేబది కిలోమీటర్లు. పోయి వచ్చుటకు వెలుగునకు బట్టునది సెకనులో నూటయేబదవ వంతు మాత్రమే. ఇది భరింపదగినదే. చిక్కంతయు నడుమ తగులు కూడలులలోను, బొమ్మను నొక్కి మూటగట్టి మరల విప్పుటలోను, ఇంటిలోని వైఫై బలహీనతలోను గలదు. చదరంగమువంటి యాటకు దీనివలన నష్టము లేదు. పరుగుపందెములకు, కత్తియుద్ధములకు నిమిషములో పదిసారులు బొమ్మ తడబడిన నాట చెడును. హైదరాబాదునకు ఏబది కిలోమీటర్ల దూరముననే యుండియు, గాలివాన వచ్చినంత తీగె మూగవోవు నూళ్ల సంగతి పట్టణవాసులకు తెలియదు. విద్యుత్తు పోయిన రెండు పద్ధతులును సమానమే యని యెవరైన నందురేని, ఒప్పుకొందుము.

ఇంతవఱకు చెప్పినది సౌకర్యమును గూర్చి. సౌకర్యము నేడు చాలకున్నను రేపు పెరుగును, తీగెలు బాగుపడును. బాగుపడనిది వేఱొకటి యున్నది. గూగులువారు 2019 నవంబరు 19న స్టాడియా యను క్లౌడు ఆటల సేవను ప్రారంభించిరి. 2023 జనవరి 18న మూసివైచిరి. అది భారతదేశమునకు రానేలేదు. న్యాయముగా చెప్పవలెనన్న, తమ దుకాణమున కొన్న యాటలకును, పరికరములకును వారు సొమ్ము వాపసు చేసిరి. అది వారి యుదారత. కొన్నవారి హక్కు కాదు. అంతకు ముందు 2010లో పుట్టిన ఆన్‌లైవ్ అను సేవ 2015 ఏప్రిల్ 30న మూతబడినది. లోకప్రసిద్ధమైన సంపన్న సంస్థయే నాలుగేండ్లు నిలువక దుకాణము కట్టివేయగా, తక్కినవారి మాట చెప్పనేల? కౌలు హెచ్చింపును గూర్చియు వినుడు. ఎక్స్‌బాక్స్‌వారి పెద్ద చందా మన దేశమున నెలకు 829 రూపాయలుండగా 2025 అక్టోబరులో 1,389 చేసిరి. ఒక్క పెట్టున మూడింట రెండు వంతుల హెచ్చు! ఇంత హెచ్చు చేసిన దొర యొకడు నిజాము కాలమున నుండినచో గ్రామమంతయు చావడికి వచ్చియుండును. ఇచ్చట చావడి లేదు. ఇష్టములేనివాడు చందా మానుకొనవచ్చును. మానుకొన్ననాడు వాని యింట మిగులునది శూన్యము.

ఈ భేదమును పోచంపల్లివారికి మేము బోధింప నక్కఱలేదు. గళ్లకాగితముమీద గీచుకొన్న నమూనా నేతగాని పెట్టెలో నుండును. ఆ గీతలనుబట్టి నూలుకు చిటికి కట్టి, రంగులో ముంచి, మగ్గమున కెక్కించును. పదేండ్ల తరువాత ఆ చీరనే మరల నేయుమన్నను నమూనాకొఱకు ఎవరి యనుమతిని వేడనక్కఱలేదు. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద 2004-05లో పోచంపల్లి ఇకత్తు నమోదైనపుడు ఆ విద్య యా ప్రాంతమువారిదేయని ప్రభుత్వము ముద్ర వేసినది. ఆసు పోయుట యెంత కష్టమో యా యిండ్ల స్త్రీలకు దెలియును: ఒక చీరకు తొమ్మిదివేలసారులు చేయి నాడింపవలయును. తల్లి భుజముల నొప్పిని చూడలేక చింతకింది మల్లేశముగారు 1999లో లక్ష్మీ ఆసుయంత్రమును గావించిరి. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఆ యంత్రమును కొన్నవా రింటిమూలను పెట్టుకొని తిప్పుకొనుచున్నారు. ఈ మాసము చందా రాలేదని యెవ్వరును దూరమునుండి దానిని నిలిపివేయరు. అట్టిది జరిగిన నేతగాండ్రు సహింతురా? పనిముట్టునకు సహింపనిదానిని ఆటవస్తువునకు మాత్ర మేల సహింపవలె?

అయితే డిస్కు కొన్నచో సర్వము క్షేమమని తలచుట యమాయకత్వము. యూబీసాఫ్టువారి 'ది క్రూ' అను కారుపందెముల యాటను జనులు డిస్కులుగా కొనిరి. అది సదా కంపెనీ సర్వరుతో మాటాడుచుండినగాని నడువదు. 2024 మార్చి 31న సర్వరును నిలిపివేసిరి. ఇంటనున్న డిస్కు లద్దపుబిళ్లలైనవి. 2025 జూన్ 5న విడుదలైన నింటెండో స్విచ్ 2లో కొన్ని యాటల కార్ట్రిడ్జిలయందు ఆట యుండదు; తాళపుచెవి మాత్రముండును, ఆటను ఇంటర్నెట్టునుండి దింపుకొనవలయును. దింపుకొన్న యాటకును ననేకముగా లైసెన్సే కాని స్వామ్యము లేదు. కనుక మేఘములోనిదా, ఇంటిలోనిదా యనునది పైకి కనబడు తగవు మాత్రమే. ధాన్యము మన గాదెలో నున్నను గాదె తాళము దొరచేతిలో నున్నచో దినునది మనము కాము. ఆటను నడుపు నధికార మెవరి చేతిలో నున్నదో యదియే విచారింపదగినది. ఇంటి నిల్వ యా యధికారమునకు మొదటి మెట్టు. అది లేనిచో రెండవ మెట్టును గూర్చి మాటాడుటకే వీలులేదు.

మా పాఠకులలో భూస్వాము లనేకులు. వారికి కౌలనగా నేమో మేము చెప్పుట హాస్యాస్పదము. 1950 జూన్ 10న హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయభూముల చట్టము అమలులోనికి వచ్చినది. రక్షిత కౌలుదారుని చట్టము చూపిన కారణములు లేక తొలగింపరాదనియు, కౌలునకు హద్దుండవలెననియు, వానికి భూమిని కొనుక్కొను నవకాశముండవలెననియు నది శాసించినది. ఆ చట్టము కొందఱి యిండ్లలో నాడు చేదుగా నుండెనని మే మెఱుగుదుము. ఆ పట్టికలపై వ్యాజ్యము లింకను నడచుచునే యున్నవి. అయినను కౌలుదారు మనుష్యుడే యను మాట చట్టములోని కెక్కినది. నేడు తమ బిడ్డలే యాటలకు కౌలుదారులైరి. ఎప్పుడైనను తొలగింపవచ్చును, ఎంతైనను హెచ్చింపవచ్చును, ముందుగా తెలుపవలసిన పని లేదు, లెక్క చెప్పవలసిన పని లేదు. నిబంధనల పత్రము చివరివఱకు చదివిన వాడొక్కడైన గలడా? ఆనాటి ఆసామి వేలిముద్రకును, నేటి బాలుడు నొక్కు 'అంగీకరించితిని' యను మీటకును మాకు గొప్ప భేదము కనబడుటలేదు.

ఇది విదేశీ కంపెనీల దోషమనియు, స్వదేశీ కంపెనీ వచ్చిన నన్నియు చక్కబడుననియు వాదించువారు గలరు. స్వదేశీయము మాకును ప్రియమే. కాని కౌలిచ్చువాడు మనవాడైనంతమాత్రమున కౌలు పట్టా కాజాలదు. 2022 నవంబరులో అమెజానువారు హైదరాబాదులో తమ క్లౌడు కేంద్రములను తెఱచిరి. ఇట్టి కేంద్రములు మన నేలమీద, మన విద్యుత్తుతో నడుచుచున్నవి. వానిలో నున్నదానిపై అధికారము సముద్రముల కావల నున్నది. సర్వరు సమీపించిన బొమ్మ త్వరగా వచ్చును, హక్కు రాదు.

గ్రంథాలయోద్యమ మెఱిగిన జాతికి ఇందు మఱియొక నష్టమును గలదు. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయములో, అచ్చువేసిన ముద్రాక్షరశాలలు మూతబడి దశాబ్దములైన పుస్తకము లున్నవి. పాఠకుడు వచ్చి యడిగిన చేతికిత్తురు. 1954 నాటి చట్టము ప్రకారము దేశమున వెలువడు ప్రతి పుస్తకము ప్రతులును నిర్ణీత గ్రంథాలయములకు చేరవలయును. ఆటలకట్టి యేర్పాటు లేదు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషను 2023లో జరిపిన పరిశీలనలో, ఆ దేశమున వెలువడిన పాత యాటలలో నూటికి 87 అంగడిలో దొరకుటలేదని తేలినది. అవి డిస్కులుగా, కార్ట్రిడ్జిలుగా నమ్మబడిన యాటలు. పాతసామానుల దుకాణముననో, ఒకరి యటకమీదనో ప్రతి దొరకును. క్లౌడులో మాత్రమే పుట్టి క్లౌడులోనే గిట్టిన యాటకు అటక యెక్కడిది? తెలంగాణ ప్రభుత్వము 2016లో యానిమేషను, ఆటల పరిశ్రమలకొఱకు 'ఇమేజ్' విధానమును ప్రకటించినది. మన యువకులు రేపు తెలుగు కథలతో ఆటలు చేయుదురు. వాని జాడ యిరువదియేండ్లకు మిగులవలెనా వలదా?

ప్రజలు నోరు మెదపిన ఫలముండదను నిరాశ కవకాశము లేదు. 2013 మేలో మైక్రోసాఫ్టువారు ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించినపుడు, ఇరువదినాలుగు గంటల కొకసారి కంపెనీతో సంబంధము కలియనిచో డిస్కు ఆటలును నడువవని నియమము పెట్టిరి. కొనువారు మొఱపెట్టగా జూన్ 19ననే దానిని రద్దు చేసిరి. పెట్టె యింకను అంగడికైన రాలేదు! కాలిఫోర్నియా శాసనసభవారు చేసిన చట్టము 2025 జనవరి 1నుండి అమలులో నున్నది: విక్రయించునది లైసెన్సు మాత్రమే యైనచో ఆ సంగతి స్పష్టముగా చెప్పక 'కొనుము' అను మాట వాడరాదు. ఐరోపాలో ఆటలను చంపవలదను విన్నపమునకు 2025 జూలైలో పదిలక్షల సంతకములు దాటినవి.

మనకును సాధనము లున్నవి. 2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టము గలదు. దాని క్రింద ఏర్పడిన కేంద్రాధికార సంస్థవారు 2023 నవంబరు 30న, ఇంటర్నెట్టు దుకాణములలో కొనువారిని మాయచేయు రీతులను నిషేధించుచు మార్గదర్శక సూత్రములను వెలువరించిరి. కౌలును విక్రయమని చెప్పుట మాయ కాదా? ఈ యొక్క వాక్యమును ఆ సూత్రములలో జేర్చుటకు పార్లమెంటు కూడవలసిన పనికూడ లేదు. అటుపిమ్మట, ధర దీసికొని యమ్మిన యాటయొక్క సర్వరును మూయదలచినపుడు, అది యింటిపెట్టెలో తనంతట తాను నడుచునట్లు కడపటి సవరణ నిచ్చి మూయవలెను; అది సాధ్యము కానిచో సొమ్ము వాపసీయవలెను. చందా జాబితానుండి ఆటను తొలగించుటకు ముందు తగినంత గడువుతో తెలుపవలెను. ఆ గడువులో దానిని తగ్గింపు ధరకు కొని దాచుకొను నవకాశము నీయవలెను. రక్షిత కౌలుదారునకు చట్ట మిచ్చినదే యిది. కంపెనీలు నష్టపడునని వాదింతురు. జాగీర్లు రద్దైన 1949లోను ఆ వాదము వింటిమి. 1954 నాటి గ్రంథాలయ చట్టమునకు ఆటలను జేర్చు సవరణ యెంత చిన్నదో న్యాయవాదులైన మా పాఠకులు చెప్పగలరు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుపందెముల ఆన్‌లైను ఆటలను నిషేధించు చట్టమును బహు త్వరగా చేసినది. ఆ చట్టము మంచిచెడ్డల చర్చ వేఱు. ఆటలను గూర్చి శాసనము చేయుటకు పార్లమెంటునకు తీరిక లేదనుట చెల్లదని మాత్ర మందువలన రుజువైనది.

జాబు వ్రాసిన పాఠకుల కింక మా సమాధానము. తాము కొన్నది ఆట కాదు. ఒక యేడాది యాడుకొనుట కనుమతి. రసీదులోని చిన్న యక్షరములు మరల చదివిన నట్లే యుండును. చందాను వెంటనే మానుమని మేము చెప్పము. క్రొత్త యాటల రుచి చూచుటకు అది చవుక మార్గమే, పిల్లవాడు దానితో సంతసించుచున్నచో నుండనిండు. వాడు మనసుపడి మరల మరల నాడు యాటను మాత్రము డిస్కుగా కొనిపెట్టుడు. కొనుటకు ముందు, ఇంటర్నెట్టు లేకుండ నది నడచునో లేదో దుకాణదారు నడుగుడు. తెలియదనిన మఱియొక దుకాణమునకు పొండు. తమ పెట్టె డిస్కు బెట్టుకొనుటకు వీలులేని నమూనా యైనచో, ఆటను పెట్టెలోనికి పూర్తిగా దింపి, ఇంటర్నెట్టును తీసివైచి యొకసారి నడిపి చూడుడు. నడచినదా, అది కొంతవఱకు తమది. రసీదు నకలును, తొలగించిన యాట పేరును మాకు పంపినచో, ఇట్టివే మా యొద్దకు వచ్చు తక్కిన జాబులతో జేర్చి వినియోగదారుల వ్యవహారముల శాఖకు పంపుటకు మేము సిద్ధముగా నున్నాము.